ఎండకు పెట్టిన ఆకుపచ్చ

లవంగం వాసన తగిలితే అందరికీ బిర్యానీ గుర్తొస్తుంది. నాకు సిరా గుర్తొస్తుంది. మొన్న ఆదివారం ఖమ్మంలో మా ఎదురింటావిడ మసాలా వేయిస్తోంది. కిటికీ తెరవగానే ఆ ఘాటు గుప్పున గదిలోకి వచ్చింది. దిద్దుతున్న జవాబు పత్రాలు పక్కన పడేసి నా కుడిచేతి వేళ్ల కొసలు చూసుకున్నాను. శుభ్రంగానే ఉన్నాయి. ఒకప్పుడు ఆ వాసన వచ్చిందంటే నా వేళ్లు ఊదాగానో పచ్చగానో ఉండి తీరేవి. ఇంట్లో చేసిన సిరాకు బూజు పట్టకూడదంటే మరిగేటప్పుడు నాలుగు లవంగాలు వేయాలని నాకు నేర్పినాయన లచ్చిరాం సారు. ఆయన్ని చూడనివాళ్లకు ఆయన సంగతి చెప్పడం కొంచెం కష్టమే. చూసినవాళ్లలోనే సగంమంది ఆయన్ని పిచ్చాయన అనేవాళ్లు మరి. మొదట్లో నేనూ అదే అనుకున్నాను.

చండ్రుగొండ దాటాక అడవి అంచున ఉన్న ఒక సర్కారు బడిలో నాకు మొదటి ఉద్యోగం. మాది వేంసూరు. తాతగారి కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కున్న కుటుంబం. పోస్టింగు కాగితం చూసి మా అమ్మ "అడవిలోకా?" అని గుండెలు బాదుకున్నంత పని చేసింది. "ఎంతమ్మా, బదిలీలు పడగానే వచ్చేస్తాగా" అని నేను ధైర్యం చెప్పాను. రసాయన శాస్త్రంలో ఎం.ఎస్సీ. చేశానన్న మాటే గానీ, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పడం, పిల్లల చేత అప్పజెప్పించుకోవడం, అంతే నాకు తెలిసిన చదువు. ఎవరైనా పుస్తకంలో లేనిది అడిగితే కోపం వచ్చేది. తెలియదని చెప్పాల్సి వస్తుందేమోనని భయం, ఆ భయాన్ని కప్పుకోవడానికి కోపం.

చేరిన రోజున హెడ్మాస్టరు గదిలోకి వెళ్తే, పొడుగాటి మనిషి ఒకాయన బల్ల మీదకు వంగి ఉన్నాడు. ముందు ఒక వడపోత కాగితం. దాని మధ్యలో నల్ల సిరా చుక్క, దాని మీద ఫిల్లరుతో ఒక్కొక్క నీటిబొట్టు వేస్తున్నాడు. నేను నమస్కారం పెట్టినా తల ఎత్తలేదు. "జల్దీ రాండ్రి మేడం, ఆరిపోతది" అన్నాడు. వెళ్లి చూశాను. నల్లచుక్క విచ్చుకుని అంచుల్లో నీలం, ఆ లోపల గులాబీ, ఎక్కడో సన్నగా పసుపు కనిపిస్తున్నాయి. "నల్లటి ఇంకుల గులాబీ రంగు ఎందుకుంది?" అని అడిగాడు. అందులో రకరకాల రంగులు కలిపి ఉంటారని, నీళ్లలో ఒక్కొక్కటి ఒక్కో వేగంతో కదులుతుందని గడగడా చెప్పేశాను. "అవ్, గది తెలుసు. కానీ గులాబీయే ఎందుకు కలపాలె? నలుపు చెయ్యాలనుకున్నోనికి గులాబీతోటి ఏం పని?"  "తెలియదు సార్" అన్నాను. ఆయన మొహం ఎలా వెలిగిపోయిందో ఇప్పటికీ కళ్ల ముందుంది. "మీకూ తెల్వదా? మంచిగైంది! ఇగ ఇద్దరం చూద్దాం" అన్నాడు. నాకు తెలియదంటే సంతోషించిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఆయనే లచ్చిరాం సారు, మా హెడ్మాస్టరు. సోషల్ చెప్పేవాడు. బడికి దగ్గర్లోనే ఆయన తండా. ఆ తండాలో మొదట ఉద్యోగం వచ్చింది ఆయనకే. చిన్నప్పుడు సిరా దొరక్క బచ్చలి పండ్లు పిండి, ఆ రసంతో రాసేవాడట. రాసినప్పుడు ఎంత అందమైన ఊదా! వారం తిరగకుండానే ఆ అక్షరాలు మట్టిరంగుకు దిగి, ఆ తర్వాత మాయమైపోయాయట. "పంతులు కొట్టిండు, రాయలేదని. రాసిన సారూ అంటే నమ్మలే. నాకు దెబ్బల గురించి ఏం లేదు మేడం. రంగు పోతది అంటం గదా, పోతే యాడికి పోతది? అప్పటిసంది అదే రంది." ఆ రంది, ఆ బెంగ తీర్చుకోవడానికే ఆయన గదిలో ఒక అల్మారా నిండా టానిక్ సీసాలు ఉండేవి. కరక్కాయలు దంచి, ఇనప కడాయిలో తుప్పు మేకులతో ఉడికించిన నలుపు. నేరేడు పండ్ల ఊదా. మోదుగ పూల పసుపు. అన్నిట్లోనూ చిక్కదనానికి తుమ్మబంక, బూజు పట్టకుండా లవంగాలు. ఆ తుమ్మబంక కాస్త ఎక్కువైతే పాళీ బిగుసుకుపోయేది. అందుకని ఆయన పెన్నులన్నీ ఎప్పుడూ స్టాఫ్ రూములో స్టీలు గ్లాసుల నీళ్లలో నానుతుండేవి. ఒక ఎండాకాలం మా లెక్కల సారు ద్రాక్షరసం అనుకుని ఒక గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు. మేమంతా హడలిపోయాం. లచ్చిరాం సారు మాత్రం ఆయన భుజం పట్టుకుని, "నాలుక చూపియ్యి, నాలుక చూపియ్యి, ఎంత సేపుంటదో చూద్దాం" అని వెంటపడ్డాడు.

మొదట్లో విసుక్కున్నాను. తరవాత్తరవాత సాయంత్రం బస్సు తప్పిపోతున్నా పట్టించుకోనంతగా ఆ పనిలో పడ్డాను. కరక్కాయ సిరా రాసేటప్పుడు వెలిసిన బూడిద రంగులో ఉండి, గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. ఎందుకో నాకు తెలుసు, చెప్పాను. పటిక వేస్తే మోదుగ పసుపు ఎందుకు నిగ్గుతేలుతుందో కొంత తెలుసు. గోరింటాకుతో చేసిన సిరా చేతిమీద పండినట్టు కాగితం మీద ఎందుకు పండదో తెలియదు. తెలిసినవాటికన్నా తెలియనివాటి దగ్గర ఇద్దరం ఎక్కువసేపు కూర్చునేవాళ్లం. బదిలీలు పడ్డాయి, దరఖాస్తు పెట్టుకునే గడువూ దాటిపోయింది. ఆ సంగతి అమ్మ ఫోనులో తిట్టాక గానీ నాకు గుర్తు రాలేదు.

ఇక ఆకుపచ్చ సంగతి చెప్పాలి. గెజిటెడ్ అధికారి ఆకుపచ్చ సిరాతో సంతకం పెడతాడని అందరికీ తెలిసిందే. హైస్కూలు హెడ్మాస్టరుకు ఆ హోదా ఉంది. లచ్చిరాం సారు హెడ్మాస్టరు కాకముందు తండావాళ్లు ఒక నకలు కాగితం మీద సంతకం కావాలంటే కొత్తగూడెం పోయి, ఆఫీసుల ముందు పొద్దంతా నిలబడి, రేపు రా అనిపించుకుని వచ్చేవాళ్లు. ఈయనకు ప్రమోషన్ వచ్చాక ఆ బాధ తప్పింది. పొద్దున పాలు పితికి, నేరుగా ఆయన అరుగు మీదకే వచ్చేవాళ్లు. "పచ్చ సంతకం సారు" అని ఆయనకు పేరు. అటూ ఇటూ ఊళ్లలో కూడా అలాగే చెప్పుకునేవాళ్లు. ఆయనకు ఆ పేరంటే లోపల్లోపల ఎంత గర్వమో నాకు తెలుసు. కానీ ఆ సంతకాలకు మాత్రం కొత్తగూడెంలో కొన్న సీసా తప్ప ఇంకోటి వాడేవాడు కాదు. ఒక్కసారి వాడాడు. ఆ ఒక్కసారి జ్యోతి కాగితాల మీద పడింది.

జ్యోతి మా బడిలో పది చదివిన పిల్ల. సారు తండాయే. తండ్రి లేడు, తల్లి చాంది కూలికి పోయేది. ఇంటర్ అయ్యాక జ్యోతికి నర్సింగు కౌన్సెలింగుకు పిలుపు వచ్చేలా ఉందని, నకళ్ల మీద సంతకాలు కావాలని వేసవి సెలవుల ముందు తల్లీ కూతుళ్లు బడికి వచ్చారు. ఖమ్మంలోనో భద్రాచలంలోనో సీటు వస్తే ఆదివారం ఆదివారం వచ్చి తల్లిని చూసుకోవచ్చని ఆ పిల్ల ఆశ. సరిగ్గా ఆ వారమే మేమిద్దరం ఒక కొత్త రంగు చేశాం. తండా వెనకాల మోదుగ చెట్ల పూలతో పసుపు తీసి, బట్టలకు వేసే నీలిమందు కలిపితే, అబ్బ, ఏం ఆకుపచ్చ అది! మొదటి వానకు లేచిన గడ్డి రంగు. సారు కొన్న సీసా వైపు చెయ్యి చాపి, ఆగి, నా వైపు చూశాడు. "మన పిల్ల. మన చెట్ల పచ్చ. ఏమంటరు మేడం?" నేనేమంటాను? నాకూ సంబరంగానే ఉంది. కొత్త పెన్నులో ఆ సిరా నింపుకుని, ఒక్కొక్క నకలు మీదా తీరిగ్గా, ముద్దుగా సంతకం చేశాడు.

చాంది ఆ కాగితాలను ప్రాణంలా దాచింది. చెదలకూ ఎలుకలకూ అందకుండా, వానకు తడవకుండా పల్చటి ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఇంటి ముందు చూరుకు వేలాడదీసింది. ఆ చూరు పడమటి ముఖం. వేసవి అంతా సాయంత్రపు ఎండ ఆ కవరు మీద పడింది. ఈ సంగతి మాకు ఆషాఢంలో గానీ తెలియలేదు. ఒకరోజు బడిగంట కొట్టగానే సారు ఫోను మోగింది. అవతల జ్యోతి, భద్రాచలం నుంచి.  "సారూ, మీ సంతకం నీలం ఉందంట. గెజిటెడ్ సంతకం కాదంట. దొంగ సంతకం అంటున్నరు. నా పేరు పిలిచిన్రు, పక్కన కూసోమన్నరు."

సారు కుర్చీలోంచి లేచిన తీరు నేను మరిచిపోలేను. బడి ముద్ర, గుర్తింపు కార్డు సంచిలో వేసుకున్నాడు. జ్యోతికి పదిలో క్లాసు టీచర్ని నేనే, నేనూ బయల్దేరాను. కొత్తగూడెంలో బస్సు మారేటప్పుడు పరుగెత్తి ఆకుపచ్చ ఇంకు సీసా కొన్నాం. పాల్వంచ దాటి, గోదావరి వంతెన ఎక్కాం. కౌన్సెలింగు జరుగుతున్న భవనం మెట్ల మీద తల్లీ కూతుళ్లు కూర్చుని ఉన్నారు. సారు తిన్నగా వెళ్లి చాంది ముందు రెండు చేతులూ జోడించాడు. ఆమె తండా భాషలో ఏదో కసిరింది. ఏమందని నేను జ్యోతిని అడిగాను. "'నువ్వు చేసినవో ఎండ చేసిందో తర్వాత చూద్దాం, ముందు లోపటికి నడువు' అంటంది మేడం" అంది జ్యోతి, ఏడుస్తూనే.

లోపల పెద్ద వయసు అధికారిణి ఒకావిడ ఆ కాగితాలు ముందు పెట్టుకుని కూర్చుంది. అన్నిటికన్నా పైనున్న కాగితం మీద సంతకం పూర్తిగా నీలం. ఆవిడ తప్పేమీ లేదు, ఎవరైనా అలాగే అంటారు. "ఏ కంపెనీ ఇంకండీ ఇది?" అని అడిగింది. సారు అబద్ధం ఆడలేదు. "కంపెనీ కాదు మేడం. వండినం" అన్నాడు. ఆవిడ కళ్లజోడు సవరించుకుని ఆయన వంక, నా వంక చూసింది. నేను ముందుకు వంగి, పై కాగితం ఎత్తి, అడుగున ఉన్నవాటిని చూపించాను. ఎండ సోకని ఆ కాగితాల మీద అవే సంతకాలు పచ్చగా, చేసిన రోజున ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. పసుపు ఎండకు ఆగలేదని, నీలం ఒక్కటే మిగిలిందని చెప్పాను. ఆవిడ రెంటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. "పెట్టండి మళ్లీ, నా ముందే" అంది. సారు కొత్త సీసా మూత తీశాడు. కొన్న సిరాతో అన్నిటి మీదా మళ్లీ సంతకాలు పెట్టాడు. కానీ అప్పటికే జ్యోతి వంతు దాటిపోయింది. ఖమ్మం సీట్లు అయిపోయాయి, భద్రాచలం సీట్లు అయిపోయాయి. చివరికి ఆదిలాబాద్‌లో ఒకటి దొరికింది. జ్యోతి తల ఊపింది. చాంది ఆదిలాబాద్ ఎంత దూరమని నన్ను అడిగింది. 

తిరుగు బస్సులో సారు కిటికీ వైపు మొహం తిప్పుకునే ఉన్నాడు. కొత్తగూడెం దగ్గరపడుతుండగా అన్నాడు: "తెలుసుకోవాలన్న ఆశ నాది సునందమ్మా. నష్టమేమో ఆ పిల్లది. గిట్ల ఉండొద్దు." అంతవరకూ నన్ను మేడం అనే పిలిచేవాడు, పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఈయన ఇక సిరాల జోలికి పోడేమోనని నాకు బెంగ పట్టుకుంది. మర్నాడు బడికి వెళ్లేసరికి అల్మారా ఖాళీ.  సీసాలన్నీ పారేశాడనుకుని వెనక్కి తిరిగితే, పడమటి వరండాలో పిల్లల మధ్య కింద కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఆ సీసాలే. పొడుగాటి కాగితపు ముక్కల మీద ఒక్కో రంగుతో ఒక్కో గీత గీసి, సగం గీతను అట్టముక్కతో కప్పి, కిటికీ ఊచలకు కడుతున్నాడు. సగం ఎండకు, సగం నీడకు. "ఇగ నుంచి ఎండ చూడని రంగును మనం రంగు అనొద్దు" అన్నాడు పిల్లలతో. "ఇంకో సంగతి. అట్ట తీసేముందు ఎవరి అంచనా వాళ్లు పైకి చెప్పాలె. చెప్పకుండ చూసి, నాకు ముందే తెలుసు అంటే ఊకోను."

ఆ కిటికీ మా బడికి పండగ అయింది. శనివారం ఆఖరి గంటలో అట్టలు తీసేవాళ్లం. బచ్చలి ఊదా రెండో వారానికే హరీ. కరక్కాయ నలుపు మాత్రం రాయిలా నిలబడింది. ఆకుపచ్చలు ఒక్కటీ ఆగలేదు. మోదుగతో చేసినా, వంటింటి పసుపుతో చేసినా, బంతిపూలతో చేసినా, అట్ట తీసేసరికి నీలం. "పాయె!" అని పిల్లలు కేకలేసేవాళ్లు. "ఎందుకు పాయె?" అనేవాడు సారు. ఎవరైనా "తెల్వది సారూ" అంటే, "మంచిగైంది, ఇటు రా" అని దగ్గర కూర్చోబెట్టుకునేవాడు. నేను క్లాసులో తెలియదని చెప్పడం ఆ కిటికీ దగ్గరే నేర్చుకున్నాను. మొదటిసారి చెప్పినప్పుడు నాలుక మడతపడింది గానీ, కొంప మునగలేదు. ఇంతాచేసి, ఆ తర్వాత ఎవరి కాగితం మీదా ఆయన కొన్న సిరా తప్ప ముట్టుకోలేదు. సెలవులకు వచ్చినప్పుడల్లా జ్యోతి బడికి వచ్చి కిటికీ చూసిపోయేది. ఆమె వస్తే మాత్రం ఆయన మాటలు తడబడేవి, ఆదిలాబాద్‌లో చలి ఎట్లుందని అడిగిందే అడిగేవాడు.

ఆయన రిటైరయ్యాడు, నేను ఖమ్మం వచ్చేశాను. కొన్నేళ్లకు కిడ్నీలు దెబ్బతిని భద్రాచలం దవాఖానాలో చేరాడని ఫోను వచ్చింది. చేసింది జ్యోతి. ఆమె అప్పటికి అక్కడే స్టాఫ్ నర్సు. పరుగున వెళ్లాను. కాళ్లు ఉబ్బి, మనిషి సగమైపోయాడు. నన్ను చూడగానే "కిటికీ చూడు" అన్నాడు. వార్డు కిటికీ ఊచకు ఒక కాగితం ముక్క కట్టి ఉంది. సగం అట్ట కింద, సగం ఎండలో. గీత అప్పుడే గీసినంత పచ్చగా ఉంది. ఏం కలిపారని అడిగాను. "నాకేం తెల్వది. ఈమెనడుగు" అని జ్యోతి వైపు చూపించాడు. ఆయన్ని చూడవచ్చిన వాళ్లంతా దానిమ్మ పండ్లు తెచ్చేవాళ్లట. తొక్కలు పారేస్తుంటే, "ఉడకబెట్టి చూడరాదు బిడ్డా" అన్నాడట. డ్యూటీ దిగాక జ్యోతి తన క్వార్టర్లో పటిక వేసి, లవంగాలు వేసి పసుపు తీసింది. నీలిమందు కలిపి తెచ్చింది. గీత కూడా తనే గీసింది. "నేను గీస్త అంటే చెయ్యి వణుకుతదని ఇయ్యలే. సిస్టరు మాట వినాలె గదా" అని నవ్వాడు సారు. జ్యోతి ముందు ఆయన తడబడకుండా మాట్లాడటం అదే నేను మొదటిసారి చూడటం.

వేసవి దాటకుండానే ఆయన చనిపోయాడు. తండాలో కార్యక్రమాలన్నీ అయ్యాక, తొలకరిలో ఒక రోజు జ్యోతి ఖమ్మం మా ఇంటికి వచ్చింది. సంచిలోంచి ఆ కాగితం ముక్క తీసింది. అట్ట కట్టింది కట్టినట్టే ఉంది. నేను చూసి వచ్చాక గీత ఉన్నవైపు ఎండకేసి బయటికి తిప్పి కట్టిందట, తీసేటప్పుడు ఆ వైపు మడత లోపలికి పెట్టింది, తనూ చూడలేదట. "ఆ మంచం మీదకు వేరే పేషెంటు వచ్చిన్రు. అయినా ఎండలు పోయేదాక కిటికీకే ఉంచిన మేడం. సారుని అడిగిన, నిలుస్తదా అని. 'నిలవదు బిడ్డా. ఇన్నేండ్లల్ల ఏ పచ్చా నిలవలే. అయినా చూడాలె గదా' అన్నడు." మీ అంచనా చెప్పండి అంది.  నిలవదనే అన్నాను. ఆమె కూడా అదే అంది. మడత విప్పి, అట్ట తీశాం. రెండు సగాలూ ఆకుపచ్చగానే ఉన్నాయి. ఎండ సగం ఒక పిసరు వెలిసింది, అంతే. పచ్చ పచ్చే. ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. ఆయన అంచనా తప్పింది. తప్పిందని తెలిస్తే మంచం మీంచి లేచి ఎగిరేవాడు. ఆ మాట పైకి అనగానే ఇద్దరికీ ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు నేనూ ఒక బడికి హెడ్మాస్టర్ని. నకళ్ల మీద పచ్చ సంతకాల అవసరం చాలావరకు తగ్గింది గానీ, ఎవరైనా వస్తే కొన్న సిరాతోనే పెడతాను. నా ఇంటి పడమటి కిటికీకి మాత్రం ఆ కాగితం ముక్క కట్టే ఉంది, అదే అట్ట కింద. నిరుడు ఎండాకాలం గడిచింది, ఈ ఎండాకాలమూ గడిచింది. కిటికీ తెరిచినప్పుడల్లా చెక్క రెక్క దానికి అడ్డమొస్తుంది, నేనూ పని కట్టుకుని అటు చూడను. మొన్న లవంగం వాసన పోయాక జ్యోతికి ఫోను చేశాను. డ్యూటీలో ఉంది, అయినా ఎత్తింది. దసరాకు వస్తానంది. ఇద్దరం కలిసి అట్ట తీద్దామంది.

"ఇప్పటికీ నిలుస్తదంటరా మేడం?" అని అడిగింది.

"తెలియదు" అన్నాను.

"మంచిగైంది" అంది జ్యోతి.